కెమెరా పక్కనున్న గొంతు

నల్ల అట్ట మీద తెల్ల రంగుతో రాసియ్యి, మిగతాదంతా మిషను చూసుకుంటది అని కృష్ణయ్య అంటే నేను నమ్మలేదు. పన్నెండేండ్లుగా గోడలకూ దుకాణాల బోర్డులకూ అక్షరాలు రాసి బతుకుతున్నవాణ్ణి. ఎరువుల పేర్లు రాశాను, డాక్టర్ల పేర్లు రాశాను, గెలిచిన లీడర్లవీ ఓడిన లీడర్లవీ ఒకే సైజులో రాశాను. అక్షరమంటే గోడను పట్టుకొని ఎండకు వెలిసిపోయేది. కదిలే బొమ్మ మీద నిలబడే అక్షరం ఉంటుందని నాకేం తెలుసు!

అది తొంభై ఐదు ఎండాకాలం. నల్లగొండలో బస్టాండు వెనక సందులో కృష్ణయ్యకు పెండ్లి వీడియోల స్టూడియో ఉండేది. రెండు వీసీఆర్లు, ఒక మిక్సరు, కిందికి చూసేటట్టు స్టాండుకు బిగించిన ఒక పాత కెమెరా. ఆ కెమెరా కింద నా అట్ట పెట్టాలి. మిక్సరు నలుపును మింగేసి తెలుపును మాత్రం పెండ్లి బొమ్మ మీద వదులుతుంది. ఇంగ్లీషు అక్షరాలకు హైదరాబాద్‌లో మిషన్లు వచ్చాయన్నారు. తెలుగు అక్షరాలకు మా దగ్గర నా చెయ్యే దిక్కు.

మొదటిసారి పెండ్లికొడుకు తల మీది అక్షింతలు దులుపుకుంటుంటే, అతని మోకాళ్ల మీదుగా నా చేతిరాత వచ్చి నిలబడింది.

"ఏమయా మెహమూద్, ఎట్లుంది?" అన్నాడు కృష్ణయ్య.

"గోడ కన్నా నయమే. కుక్కలు పాడు చెయ్యవు," అన్నాను.

ఆ రోజు మధ్యాహ్నం నాకు అన్నం డబ్బా తెచ్చిన హనీఫా గుమ్మంలోనే ఆగిపోయింది. టీవీలో కదిలే మనుషుల మీద తెలుగు అక్షరాలు. డబ్బా నా చేతికివ్వడం కూడా మరిచిపోయి, సంచిలోంచి నోటుబుక్కు తీసి రాసింది: "మనుషుల పేర్లేనా? మాటలు కూడ ఇట్ల వెయ్యొచ్చా?"

హనీఫా నా చెల్లెలు. అప్పటికి ఇరవై రెండేండ్లు. మూడో ఏట జ్వరమొచ్చి చెవులు పోయాయి. హైదరాబాద్‌లో చెవిటి పిల్లల హాస్టల్లో ఏడో తరగతి దాకా చదువుకుంది. అది తెలుగు మీడియం. చదవడం, రాయడం, పెదవులు చూసి మాట పట్టుకోవడం, అన్నీ తెలుగులోనే నేర్చుకుంది. మా ఇంట్లో మాత్రం ఉర్దూ. మా అమ్మీ జన్నత్ బీ గాజుల గంపతో వాడవాడా తిరిగి దినమంతా తెలుగులో బేరమాడేది, గడప దాటి లోపలికి రాగానే ఉర్దూలోకి మారేది. ఇంట్లో తెలుగు మాట్లాడితే సొంత పిల్లలతో గిరాకీ మాట్లాడినట్టుంటుందట. అందువల్ల బజార్లో పరాయివాళ్ల మాట సగమైనా పట్టుకునే మా హనీఫా, ఇంట్లో కన్నతల్లి మాట ఒక్కటీ పట్టుకోలేకపోయేది. వాళ్లిద్దరి నడుమ మాట మోసేవాణ్ణి నేను. ఇందులో తప్పుందని మాకెవరికీ తోచలేదు. ఇప్పుడు చెప్పుకుంటే సిగ్గేస్తుంది గానీ, నిజంగానే తోచలేదు.

రంజాన్ పోయినంక ఆమెకు మంగ్నీ, అంటే నిశ్చితార్థం, అయింది. పిల్లవాడు రామన్నపేటలో కుట్టుమిషన్లు రిపేరు చేసే లియాఖత్ అలీ. బక్రీద్ తర్వాత నికా. మంగ్నీ వీడియో కృష్ణయ్యే తీశాడు, నేను పక్కన లైటు పట్టుకున్నాను.

నోటుబుక్కులో హనీఫా ఇంకా రాసింది: "నా మంగ్నీ క్యాసెట్ నాలుగుసార్లు చూసిన. అందరు నోర్లు కదుపుతున్నరు. చేపల తొట్టి చూసినట్టుంది. ఎవరేమన్నరో దాని మీద వెయ్యి."

"గది పెద్ద పని," అన్నాను పెదవులు కదిపి.

"నికా దాక ఎండాకాలమంత ఉంది." ఆ కింద గీత గీసి మరీ రాసింది: "ఉన్నదున్నట్టు వెయ్యి. మంచిగ చేసి వెయ్యకు."

కృష్ణయ్యకు ఇది మస్తు నచ్చింది. "ఏ పెండ్లి క్యాసెట్‌కూ ఎవ్వరూ వెయ్యలే ఇట్ల. వేద్దాం పా," అన్నాడు.

వేద్దాం అనడం సులువే. క్యాసెట్ ఒక్క నిమిషం నడిపితే పది మంది పదిహేను మాటలు అంటారు. ఆపి, వెనక్కి తిప్పి, విని, ఉర్దూ మాటను తెలుగు చేసి, అట్ట మీద పట్టేటంత చిన్నగా కుదించి రాయాలి. రాసినవి ఎండాక వరుసగా నంబర్లు వెయ్యాలి. తర్వాత అసలు క్యాసెట్ ఒక వీసీఆర్‌లో నడుస్తుంటే, కృష్ణయ్య మిక్సరు మీద వేలు పెట్టి కూర్చుంటే, నేను సరిగ్గా ఆ మనిషి నోరు తెరిచే క్షణానికి అట్ట తోసి, మూసే క్షణానికి లాగెయ్యాలి. రెండో వీసీఆర్‌లో కొత్త క్యాసెట్ తయారవుతుంది. ఒక్క అట్ట ఆలస్యమైతే తాత మాట మనవరాలి నోటికొచ్చేది. మళ్లీ మొదటికి. ఒకసారి మా మేనత్త నోట "ఇమామ్ సాబ్ వచ్చిండు, జరుగుండ్రి" పడాల్సిన చోట "బిర్యానీల ఉప్పు లేదు" పడి, ఇమామ్ సాబ్ సలాం చేస్తుంటే ఆయన గడ్డం మీద ఉప్పు మాట నిలబడింది. కృష్ణయ్య కుర్చీలోంచి జారిపడేటంత నవ్వాడు.

మూడు వారాలు రాశాను. గోడల పని పొద్దున, అట్టల పని మధ్యాహ్నం. ఒక సంగతి నాకు అక్కడే అర్థమైంది. మాట గాలిలో పోతే పోయినట్టే. అదే మాట అట్ట మీద రాసి ఆరబెడితే, ఆరిందాకా మన మొహం చూస్తూ కూర్చుంటుంది.

లియాఖత్ తల్లి తాహేరా బేగం హనీఫా గడ్డం పట్టుకొని అంది: "చెవులు లేకుంటేంది, ఇంట్ల లొల్లి ఉండదు." అది లావు అక్షరాలతో రాశాను. పరాయివాళ్ల తప్పు రాయడానికి చెయ్యి ఎంత చురుగ్గా నడుస్తుందో! ఆమె వెంటనే మా అమ్మీ నవ్వుకుంటూ అంది: "మా పిల్ల గోడ లెక్క. ఎంత పని చెప్పినా ఎదురు మాట్లాడదు." అది కొంచెం ఆగి రాశాను. కానీ రాశాను.

ఆ తర్వాత కెమెరా బయటికి వచ్చింది. పందిరి కింద మగవాళ్లు. నడుమ లియాఖత్, మెడలో పూలదండ, తల వంచుకొని ఉన్నాడు. హఠాత్తుగా తలెత్తి, పక్కనున్న మా పెద్దలను ఉర్దూలో మెల్లగా అడిగాడు: "పిల్లను అడిగిండ్రా?"

పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడొక గొంతు వచ్చింది. మైకుకు దగ్గరగా ఉంది కాబట్టి, క్యాసెట్ మొత్తంలో అంత స్పష్టంగా ఇంకెవరి గొంతూ లేదు.

"దాన్నేం అడుగుతం భాయ్? వినొస్తే కద అడుగుడు!"

పందిరంతా గొల్లుమంది. అందరూ కెమెరా వైపు, అంటే కెమెరా పక్కన లైటు పట్టుకొని ఉన్న నా వైపు, చూసి నవ్వారు. లియాఖత్ ఒక్కడు నవ్వలేదు.

ఆ రోజు ఆ మాట అన్నట్టు కూడా నాకు గుర్తులేదు. ఏదో ఇబ్బందిగా అనిపించి ఉంటుంది, ఎవరూ జవాబివ్వకపోతే నోటి దురద కొద్దీ అనేసి ఉంటాను. కృష్ణయ్య క్యాసెట్ ఆపి నా దిక్కు చూశాడు.

"ఇది రాస్తవా?"

"ఇక్కడ సరిగ్గ వినొస్తలేదు," అన్నాను.

కృష్ణయ్య "నీ చెల్లె, నీ ఇష్టం," అని మళ్లీ బటన్ నొక్కాడు. నా మాట రాయలేదు. నా మాట లేకుండా లియాఖత్ మాట రాస్తే, ఆ తర్వాత నవ్వెందుకో తెలియదు కదా. అందుకని అది కూడా రాయలేదు.

అంతా కలిపి నూట అరవై అట్టలయ్యాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మీనీ హనీఫానూ స్టూడియోకు తీసుకుపోయి క్యాసెట్ పెట్టాను. హనీఫా టీవీకి మూరెడు దూరంలో కూర్చుంది. ఆమె ఆనందం ఇప్పటికీ నా కళ్ల ముందుంది. మేనత్త ఉప్పు మాటకు పకపకా నవ్వింది. ఇద్దరు వదినెలు ఎవరి చీర ఖరీదైందని పోట్లాడుకుంటుంటే నా తొడ మీద చరిచి చూపించింది. ఇరవై ఏండ్లుగా చూస్తున్న మనుషులు ఇంత మాట్లాడతారని, ఇంత సోది మాట్లాడతారని, ఆమెకు అప్పుడే తెలిసింది. తాహేరా బేగం మాట వచ్చినప్పుడు చెయ్యి ఊపేసింది. అమ్మీ మాట వచ్చినప్పుడు నవ్వు ఆగింది. ఒకసారి తిరిగి అమ్మీని చూసింది. చదువు రాని అమ్మీ, "ఏం రాసినవ్‌రా అక్కడ?" అని నన్ను గిల్లింది.

బొమ్మ పందిట్లోకి వచ్చింది. లియాఖత్ తలెత్తాడు. పెదవులు కదిలాయి. అక్షరాలు లేవు. అందరూ ఇటు తిరిగి నవ్వారు. అక్షరాలు లేవు.

హనీఫా ఆపమంది. వెనక్కి తిప్పమంది. మళ్లీ చూసింది. మూడోసారి కూడా చూసి నా వైపు తిరిగింది.

"ఏం లేదు," అన్నాను. "లొల్లిల వినొస్తలే."

ఆమె నోటుబుక్కు తీసుకొని నింపాదిగా రాసింది. "ఆయన ఏదో అన్నడు. తర్వాత అందరు కెమెరా దిక్కు చూసి నవ్విండ్రు. కెమెరా పక్కన ఎవరున్నరు?"

ఎవరున్నారో ఆమెకు తెలుసు. మంగ్నీ నాడు నేను లైటు పట్టుకొని పోజు కొడుతుంటే గుమ్మంలోంచి చూసి నవ్వింది కూడా. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. కృష్ణయ్య ఏదో పనున్నట్టు బయటికి పోయాడు.

మర్నాడు పొద్దున గోడ పనికి పోకుండా రెండు అట్టలు రాశాను. జీవితంలో అంత చిన్న అక్షరాలు రాయలేదు. రాసి చూసుకుంటే నాకే చదవరాలేదు. చింపేసి, మిగతావి ఏ సైజులో రాశానో అదే సైజులో మళ్లీ రాశాను. క్యాసెట్‌లో వేసేదాకా ఆగబుద్ధి కాలేదు. తడి ఆరకముందే ఇంటికి పట్టుకుపోయి ఆమె ముందు పెట్టాను.

మొదటిది: "లియాఖత్: పిల్లను అడిగిండ్రా?"

రెండోది: "మెహమూద్: దాన్నేం అడుగుతం భాయ్? వినొస్తే కద అడుగుడు!"

రెండోది ఆమె ఒక్కసారే చదివింది. మొదటిది చేతిలోకి తీసుకుంది. తెల్ల రంగు ఆమె బొటనవేలికి అంటింది. తిట్టినా బాగుండేది.

"నిన్ను అడిగిన కద," అన్నాను. "పిలగాని ఫోటో చూపిచ్చిన. తల వంచినవ్. సిగ్గుపడ్డవ్, ఒప్పుకున్నవ్ అనుకున్నం."

మా దగ్గర అంతే. ఆడపిల్ల తల వంచితే ఒప్పుకున్నట్టు. అంతకు మించి నోరు విప్పి చెప్పించుకునే అలవాటు ఏ ఇంట్లోనూ లేదు.

హనీఫా నోటుబుక్కులో రాసింది: "ఫోటో నా ఒళ్లె పెట్టినవు. చూడాలంటే తల వంచకుంట ఎట్ల?"

ఆమె ఇంకో వాక్యం రాసింది: "ఆయన నా సంగతి అడిగిండు. జవాబు నాది. నువ్వెందుకు చెప్పినవు?"

ఇంకో పేజీ తిప్పింది. "మళ్ల అడగమను. అడగకుంటే నికా లేదు."

అది అమ్మీకి చెప్పాల్సినవాణ్ణి నేనే. చెప్పాను. అమ్మీ నెత్తి కొట్టుకుంది.

"నికా ముంగట పెండ్లికొడుకు వచ్చి పిల్లను అడుగుడా! నలుగుర్ల ఇజ్జత్ పోతది. గా తాహేరాకు తెలిస్తే రిష్తా తెంపుకుంటది. ఇంకో రిష్తా ఎక్కడికెల్లి తెస్తవ్‌రా? నూట అరవై అట్టలు రాస్తివి, ఇప్పుడు కడుపు నిండిందా?"

"నూట అరవై రెండు," అన్నాను. చీపురు నా వీపు మీద పడింది.

అమ్మీ భయం అబద్ధమేం కాదు. హనీఫాకు అప్పటికి మూడు సంబంధాలు వచ్చి వెనక్కి పోయాయి. ఇది పోతే పోయినట్టే. అయినా మంగళవారం రామన్నపేట బస్సెక్కాను. దారంతా ఏం చెప్పాలో కూర్చుకుంటూ పోయి, తీరా దుకాణం ముందు నిలబడ్డాక అన్నీ మరిచిపోయి, ఉన్నదున్నట్టు చెప్పేశాను. లియాఖత్ మిషను చక్రానికి వేసే తోలు పట్టా చేతిలో పట్టుకొని అంతా విన్నాడు.

"ఆ దినం ఊకె అడగలే భాయ్," అన్నాడు. "మా అక్కకు అడగకుంటనే పెండ్లి చేసిండ్రు. నన్నెవరు అడిగిండ్రు అని ఇయ్యాల్టికి సుత అంటది. గందుకే అడిగిన. మీరు నవ్విండ్రు. ఇగ నాకు సిగ్గైంది, ఊకున్న."

"మళ్ల అడుగుతవా?"

"వద్దంటే?"

"వద్దంటే వద్దన్నట్టే."

"మీ అమ్మీ తిడ్తదేమో."

"ఇప్పటికే కొట్టింది."

అతను నవ్వాడు. పట్టా మిషనుకు తొడిగి రెండుసార్లు తిప్పి చూసి, "జుమ్మా నమాజ్ అయినంక వస్త. ఇంట్ల చెప్పను," అన్నాడు.

శుక్రవారం వచ్చాడు. మీసం దగ్గరికి కత్తిరించుకొని వచ్చాడు, పెదవులు కనిపించాలని. అది అతనికి ఎవరూ చెప్పలేదు. వసారాలో స్టూలు వేస్తే, వెలుతురు మొహం మీద పడేటట్టు జరుపుకొని కూర్చున్నాడు. అమ్మీ లోపలి పరదా వెనక ఉంది. కోపంతో ఊపిరి తీస్తున్న చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది. హనీఫా గుమ్మం పక్కన చాప మీద కూర్చుని సూటిగా అతని మొహం చూసింది.

"హనీఫా," అన్నాడు తెలుగులో, మెల్లగా. "నన్ను చేసుకునుడు నీకు ఇష్టమేనా? ఇష్టం లేకుంటే చెప్పు. నేనే వద్దన్న అని మా ఇంట్ల చెప్త. నీ మీదికి మాట రానియ్య."

హనీఫా నోటుబుక్కు ముట్టుకోలేదు. నోరు తెరిచింది. హాస్టల్లో నేర్పిన గొంతు, ఎగుడుదిగుడుగా, ఎక్కడ గట్టిగా వస్తుందో ఎక్కడ ఆగుతుందో ఆమెకే తెలియని గొంతు.

"ఒకటి... చెప్పాలె."

"ఒకటి చెప్పాలంటాంది," అన్నాను నేను. అలవాటు. ఆమె నా వైపు చూడకుండానే అరచెయ్యి ఎత్తింది. నేను నోరు మూసుకున్నాను.

"అర్థమైతాంది," అన్నాడు లియాఖత్ ఆమెతో.

"మీ ఇంట్ల... నా ముంగట... ఎవరు ఏం మాట్లాడినా... నాకు చెప్పాలె. అప్పుడే చెప్పాలె. తర్వాత చెప్త... అనొద్దు."

ఇరవై ఏండ్లుగా ఆమె ఎప్పుడు నా మోచెయ్యి లాగినా నేనన్న మాట అది. తర్వాత చెప్త. వంద సార్లలో తొంభై సార్లు చెప్పలేదు.

లియాఖత్ తల గోక్కున్నాడు. "మా అమ్మ మాటలు సుతనా?"

"ఆమెవి... ముందు."

అతను పెద్దగా నవ్వాడు. తర్వాత నవ్వు ఆపుకొని, "కష్టమే. గని చెప్త," అన్నాడు.

ఆమె వెంటనే అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. రెండు వేళ్లు చూపించి, "రెండు దినాలు," అంది. అతను తలూపి లేచి, నాకు సలాం చెప్పి, బస్సు వేళైందని వెళ్లిపోయాడు.

ఆ రెండు దినాలు మా ఇంట్లో అన్నం సహించలేదు. హనీఫా మాత్రం మామూలుగా బట్టలు ఉతికింది, బియ్యం ఏరింది, పక్కింటి భద్రమ్మ రవికెకు హుక్కులు కుట్టింది. నాతో ఏమీ రాయలేదు. నేనూ అడగలేదు. అడిగే హక్కు ఉందో లేదో తెలియలేదు.

ఆదివారం పొద్దున అమ్మీ ఇక తట్టుకోలేకపోయింది. "ఏందిరా చూస్తున్నవ్? అడుగు దాన్ని. అవునంటదా, కాదంటదా?" అంది ఉర్దూలో.

"నేను అడగను అమ్మీ. నువ్వే అడుగు."

"నా మాట దానికేం ఎరుక?"

"తెలుగుల అడుగు. ఎరుకైతది."

అమ్మీ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. గోడకానుకొని బియ్యం ఏరుతున్న హనీఫా దగ్గరికి పోయింది. చేట పక్కకు జరిపి, ఎదురుగా చతికిలబడి కూర్చుంది. కొంగు నోటికడ్డం పెట్టుకోవడం ఆమె అలవాటు. పెట్టుకోబోయి, తీసేసింది.

"బిడ్డా," అంది తెలుగులో. "గా పిలగాడు... నీకు ఇష్టమేనా?"

హనీఫా అమ్మీ పెదవుల వంకే చూస్తోంది. ఆమెకు అర్థమైందని నాకు తెలుసు. అయినా చెయ్యి చాపి అమ్మీ గడ్డం పట్టుకొని, "మళ్లొక్కసారి... అను," అంది.

అమ్మీ మళ్లీ అంది. ఈసారి ఏడుస్తూ అంది, మాటలు తడబడ్డాయి. హనీఫా ఇంకోసారి అనమంది. మూడోసారి అమ్మీ ఏడుపు ఆపుకొని, ఒక్కొక్క మాటా విడదీసి, పసిపిల్లకు ముద్దలు పెట్టినట్టు అడిగింది.

"ఇష్టమే," అంది హనీఫా.

అది అమ్మీకి నేను చెప్పాల్సిన పని లేకపోయింది.